మామ్మల తగువు, మేడమ్ గారి రివిజన్

పదో తరగతి ప్రీ-బోర్డు పరీక్షల ముందు మా ఇంగ్లిష్ మేడమ్ రివిజన్ మొదలుపెట్టింది. ఒకరోజు గ్రామర్, మర్నాడు అలంకారాలు, ఆ తర్వాత కథలోని భాగాలు. అంతా గైడులో ఉన్నదే కదా అని మేం కాళ్లు చాపుకుని కూర్చున్నాం. ఆవిడ బెంగాలీ మనిషి, నవ్వుతూనే చురకలేస్తుంది. "గైడులో ఉదాహరణ ఎవరు చెప్పినా సున్నా. మీ ఇళ్లలో మనుషులు మాట్లాడుకోరా? ఆ మాటలు పట్టుకురండి" అంది. క్లాసంతా నీరుగారిపోయింది. నేను మాత్రం లోపల్లోపల గంతులేశాను. మా ఇంట్లో మామ్మ ఉంది, పక్కింట్లో ఇంకో మామ్మ ఉంది, ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఇంకేం కావాలి?

మాటల్లేవంటే నోళ్లు మూసుకున్నారని కాదు, అమ్మో! తెలుగునేలకి దూరంగా, హిందీ మాట్లాడే ఊళ్లో సిద్ధగోరా మా పేట. అక్కడ మా రెండిళ్లకీ పెరట్లో ఒకటే గోడ, అదీ నడుమెత్తు. పొద్దున్నే మా మామ్మ అంట్లు ముందేసుకుని పిల్లితో మొదలుపెట్టేది.

"ఒలే పిల్లీ, నీకున్న ఇంగితం కొందరికి నేదు కదే! నువ్వైనా గిన్నె నాకీసి మూతి తుడుసుకుంటావు. కొందరైతే ఆ గిన్నె అడుగే తెచ్చి మనకి పెడతారు."

గోడ అవతల పక్కింటి మామ్మ తులసికుండీకి నీళ్లు పోస్తూ అందుకునేది. "తల్లీ తులసమ్మా, నీకు సెంబుడు నీల్లోత్తేనే గంగ పోసినట్టు పొంగిపోతావు. కొందరికి గుండె కోసి పెట్టినా ఉప్పు సాల్లేదంటారు."

పిల్లి ఆవులించేది. తులసమ్మ ఊరుకునేది. నేనూ, పక్కింటి మామ్మ మనవరాలూ మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. మేమిద్దరం ఒకే క్లాసు, ఒకే బెంచీ. పెద్దవాళ్ల తగువుతో మాకేం పని?

అలంకారాల రోజు నేను రెచ్చిపోయాను. గుండె కోసి పెట్టడం అతిశయోక్తి, తులసమ్మ పొంగిపోవడం మనిషి గుణాన్ని మొక్కకి అంటగట్టడం, పిల్లికి ఇంగితం ఉందనడం వెటకారం. ఇంగ్లిషులోకి మార్చి వరసగా వదిలాను. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ ఇంగితం మాట మీ మామ్మ నిజంగా పిల్లితోనే అంటుందా?" అని అడిగింది. "పిల్లితోనే మేడమ్, కానీ పిల్లి కోసం కాదు" అన్నాను. క్లాసు గొల్లుమంది. అప్పుడు వచ్చింది ఆవిడకా ఐడియా. "రేపు కథ భాగాలకి ఈ తగువే కథ. నువ్వు ఒకవైపు నుంచి చెప్పు, నీ పక్కమ్మాయి రెండోవైపు నుంచి చెబుతుంది."

మర్నాడు నేను లేచి నించుని మా మామ్మ కథ చెప్పాను. కార్తీకమాసంలో మన తెలుగువాళ్లంతా నది ఒడ్డున వనభోజనాలకి చేరారు. వడ్డన పక్కింటి మామ్మది. అందరి విస్తళ్లలో జీడిపప్పు తేలే తెల్లటి పరమాన్నం పడింది. మా మామ్మ విస్తట్లో మాత్రం గిన్నె అడుగున అంటుకున్న మాడు గోకి వేసింది! అంతమందిలో! మా మామ్మ ముద్ద ముట్టకుండా విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

"సెట్టింగ్ నది ఒడ్డు. విలన్ ఎవరు?" అంది మేడమ్. క్లాసంతా నా బెంచీ పక్కకి వేలు చూపించింది.

నా స్నేహితురాలికి ఒళ్లు మండిపోయింది. "ఒక్క నిమిషం!" అని లేచింది. "వీళ్ల మామ్మే మా మామ్మకి ఎప్పుడో చెప్పిందట, చిన్నప్పుడు మాడు కోసం అన్నదమ్ములతో కొట్టుకునేదాన్నని, ఇక్కడికొచ్చాక ఆ రుచే మర్చిపోయానని. అందుకని మా మామ్మ ఆరోజు ఎవరికీ పెట్టకుండా ఆవిడ కోసమే దాచింది. అంతమందిలో ఆవిడ లేచిపోతే మా మామ్మ మొహం ఏమైపోవాలి?"

ఈ సంగతి నాకూ కొత్తే. వెనక బెంచీలు మళ్లీ వేళ్లు తిప్పాయి, ఈసారి నావైపు. మేడమ్ బల్ల మీద తట్టి, "చూశారా, ఎవరివైపు నుంచి చూస్తే వాళ్ల కథ. మరి ముగింపు ఏది? గొడవ తీరాలి కదా. సోమవారం పట్టుకురండి" అంది.

ముగింపేమైనా బజార్లో దొరుకుతుందా పట్టుకురావడానికి? పైగా ఆదివారమే పక్కింటివాళ్లు బస్సెక్కి వెళ్లాల్సినంత దూరాన, గమ్హరియాలో కొన్న ఫ్లాట్‌కి మారిపోతున్నారు. నా స్నేహితురాలు స్కూల్లో కనిపిస్తూనే ఉంటుంది, నా దిగులు అది కాదు. మా మామ్మ సంగతేంటి? నాన్న షిఫ్టు నుంచి వస్తే నిద్ర. అమ్మ ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగింది, తెలుగు అంతంతే. నేనూ తమ్ముడూ మామ్మ తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చేవాళ్లం. (ఇప్పుడిలా రాస్తున్నానని మురిసిపోకండి, తెలుగు అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి.) రోజంతా మీద మామ్మ నోరారా మాట్లాడేదంటే ఆ గోడ దగ్గరే. గోడ అవతల మనిషి లేకపోతే ఇంక ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? నిజం పిల్లితోనా?

ఆ సాయంత్రమే మాడు సంగతి మామ్మకి చెప్పేశాను. మామ్మ గరిటె ఆపలేదు. "అంత పేముంటే ఆ రోజే సెప్పదేటి? దాని నోరు పడిపోనాదా?" అంది. అవతలింట్లో నా స్నేహితురాలికీ ఇంచుమించు అదే జవాబు దొరికింది. "ఆవిడ అడగందే నేనెందుకు సెప్తాను?" అందట.

సరే, మంచిగా వినకపోతే మన పద్ధతి మనది. శనివారం పొద్దున్న పిల్లిని బుజ్జగించి స్టోరు గదిలో పెట్టి గడియ వేశాను. అవతల నా స్నేహితురాలు తులసికుండీ ఎత్తుకెళ్లి ముందువైపు సామాన్లలో పెట్టేసింది. మధ్యవర్తులు లేకపోతే మొహమొహాలు చూసి మాట్లాడుకోక ఛస్తారా అని మా ఎత్తు. ఇద్దరం వంటింటి కిటికీల్లోంచి తొంగిచూస్తున్నాం. మామ్మ పెరట్లోకి వచ్చింది. పిల్లి కోసం అటూ ఇటూ వెతికింది. గొంతు సవరించుకుంది. తర్వాత వంగి, "ఒలే బకెట్టూ..." అని మొదలుపెట్టింది. అవతల పక్కింటి మామ్మ చీపురుతో అందుకుంది. మా ఎత్తు మట్టికొట్టుకుపోయింది.

ఆదివారం చిన్న లారీ వచ్చింది. సామానంతా ఎక్కించారు. పక్కింటి మామ్మని డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. మా మామ్మ లోపల మంచం దిగలేదు. "పోనీ, పీడా పోద్ది" అని నాలుగు గోడలకీ చెప్పింది. బండి స్టార్టయిన చప్పుడు విన్నదో లేదో, చెప్పులు కూడా లేకుండా గబగబా బయటికొచ్చేసింది. నేను వెనకాలే పరిగెత్తాను. లారీ కిటికీ పట్టుకుని నిలబడింది. అక్కడ పిల్లీ లేదు, బకెట్టూ లేదు.

"ఒలే," అంది, సూటిగా ఆ మామ్మ మొహంలోకి చూస్తూ. "అక్కడ నీతో మన మాట మాటాడీవోలు ఎవులైనా ఉన్నారేటి?"

పక్కింటి మామ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "నేదే. మరి నీకో?"

"నేదు," అంది మా మామ్మ.

నేను పక్కనే నిలబడి ఉన్నాను! ఆవిడ మోచెయ్యి నాకు తగులుతోంది కూడా. నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చేసింది. "అరే మామ్మా, హమ్ నహీఁ హైఁ క్యా?" అని అరిచాను. మేం లేమా అని అడుగుతున్నాను, అదీ హిందీలో.

ఇద్దరూ నన్ను చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, పకపకా నవ్వడం మొదలుపెట్టారు. పక్కింటి మామ్మ కళ్లు తుడుచుకుంటూనే తలుపు తీయమని డ్రైవరు మీద కేకలేసింది. సామాను ముందెళ్లింది. ఆవిడ సాయంత్రం బస్సుకి వెళ్లింది.

ఆ పగలంతా ఇద్దరూ మా పెరటి మెట్ల మీద కూర్చున్నారు. నేను తలుపు చాటునుంచి చెవి ఒగ్గాను, సోమవారానికి ముగింపు రాసుకోవాలి కదా. మాడు మాట ఒకసారి వచ్చింది, తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. ఆ తర్వాత ఏవో ఊళ్లు, ఏవో చేపలు, ఎవరో చనిపోయినవాళ్లు. సగానికి సగం నాకు అర్థం కాలేదు.

రాత్రి అన్నాలయ్యాక మామ్మ చాప వేసుకుంటోంది. దగ్గరికెళ్లి నించున్నాను. నోట్లోనే రెండుసార్లు కూడబలుక్కుని అడిగాను. "మామ్మా... మీరిద్దరూ ఏటి... మాటాడుకున్నాది?"

మామ్మ చాప పరచడం ఆపి తలెత్తింది.

"ఏటే ఆ తెలుగు? నోట్లో బటానీ గింజెట్టుకున్నావేటి?" అంది. తర్వాత చాప మీద ఓ పక్కకి జరిగింది. "కూకో. మల్లీ అడుగు."