గడ్డం కుంచె

మా ఇంట్లో దాన్ని కుంచె అనేవాళ్ళం. నేతగాళ్ళ ఇల్లు కదా, పడుగుకు గంజి పట్టించేది పెద్ద కుంచె, బాపు గడ్డానికి నురగ పట్టించేది చిన్న కుంచె. సుల్తానాబాద్‌లో మా మగ్గాల వాడ మొత్తంలో మంగలి కోసం ఎదురుచూడకుండా తన గడ్డం తానే గీసుకునే మనిషి బాపు ఒక్కడే. నిజాం జమానాలో బదిలీ మీద పోతున్న ఒక తహసీల్దారు, బాపు నేసిన పంచెలు నచ్చి, కొమ్ముపిడి ఉన్న ఆ కుంచెను ఇచ్చి పోయాడట. ఆ సంగతి బాపు నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

పక్షవాతం వచ్చి బాపు కుడిచెయ్యి పడిపోయాక గడ్డం గీసే పని నా మీద పడింది. నన్ను కన్న అవ్వ పోయి అప్పటికే చాలా ఏళ్ళు, ఇంట్లో మేమిద్దరమే. పొద్దున లేచి నీళ్ళు తోడి, వంట చేసి, బాపు ఒళ్ళు తుడిచి, గడ్డం గీసి, పాఠం చెప్పడానికి బడికి పరుగెత్తేదాన్ని. పిల్లలు ఎక్కాలు అప్పజెప్తుంటే నాకు కళ్ళు మూతలు పడేవి. నిజం చెప్పాలంటే అలసట కన్నా కోపమే ఎక్కువ ఉండేది. ఎవరి మీదో నాకే తెలియని కోపం.

అంతలో కుంచెకు బట్టతల రావడం మొదలైంది. రుద్దినప్పుడల్లా నాలుగు వెంట్రుకలు బాపు చెంపకు అంటుకునేవి. వాటిని ఏరుతూ విసుక్కునేదాన్ని. చివరికి ఒకరోజు కుచ్చు మొత్తం ఊడి నీళ్ళ గిన్నెలో పడింది. కరీంనగర్ పోయి ప్లాస్టిక్ పిడి ఉన్న కొత్తది తెస్తే బాపు ఎడమచేత్తో పక్కకు నెట్టేశాడు. ఉత్త చేత్తో నురగ పూయబోతే మొహం గోడకు తిప్పుకున్నాడు. పాత పిడిని మాత్రం దిండు కింద పెట్టుకున్నాడు. పది రోజుల్లో గడ్డం తెల్లగా పెరిగింది. మా దగ్గర మగవాళ్ళు గడ్డం పెంచేది ఇంట్లో చావు మైలలోనే. ఎవరైనా చూడ్డానికి వస్తే బాపు దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు.

"జర గీయనియ్యి బాపూ, మంది ఏమనుకుంటరు?" అని ఒకరోజు అరిచాను.

"కొడుకు లేకపాయె. నా మైల నేనే పడుతున్న బిడ్డా," అన్నాడు.

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. ఆ వారంలోనే, ఏటా మా వాడకు వచ్చి నేతగాళ్ళ కుంచెలు బాగుచేసే ముసలాయన వచ్చాడు. బడికి ఆలస్యమవుతోందని పిడి ఆయన చేతిలో పెట్టి, "గీ కుంచెకు కొత్త కుచ్చు కట్టు తాతా, గట్టిగుండాలె" అని చెప్పి పరుగెత్తాను. సాయంత్రం వచ్చి చూస్తే పిడిలోని పాత లక్క కరిగించి తీసి, కొత్త కుచ్చు దించి పెట్టాడు. పనికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే గంజి కుంచెలకు వాడే గరుకు పీచుతో కట్టాడు. ఆయన తప్పేముంది? కుంచె అన్నదీ నేనే, గట్టిగా ఉండాలన్నదీ నేనే.

బాపు దాన్ని చెంపకు రాసుకుని ఉలిక్కిపడ్డాడు.

"గంజి పెట్టెటందుకు నా మొకమేమన్న పడుగానే?"

అని నవ్వాడు. వంకరపోయిన నోటితో, చొంగ కారేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

"గొల్లోళ్ళ దగ్గర మేక వెంట్రుకలు తేపో. నేను చెప్త, నువ్వు కట్టు," అన్నాడు.

ఆదివారం కూర్చున్నాం. వెంట్రుకలు కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టాను. కొసలు కిందికి పెట్టి గ్లాసులో తట్టి సమం చేయమన్నాడు. కత్తెర మొదలుకే పెట్టాలట, కొసకు పెడితే గుచ్చుకుంటుందట. దారం ఒక కొస బాపు ఎడమచేతి వేళ్ళ మధ్య, రెండో కొసతో నేను చుట్టాను. వదులైందని మూడుసార్లు విప్పించాడు. నా కోపం మళ్ళీ ముక్కు మీదికి వచ్చింది. నాలుగోసారికి ముడి బాపుకు నచ్చింది. మొదలును వేడి లక్కలో ముంచి పిడిలోకి దించాం. మర్నాడు గీశాక చెంప మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. బాపు వాకిట్లో మంచం వేయించుకుని, వచ్చేపోయేవాళ్ళను తానే పిలిచి పలకరించాడు.

ఏడాదిన్నర అలా గడిచింది. నా అలసట మాత్రం తీరలేదు. ఒక పొద్దున బడిలో తనిఖీ ఉందని, "రేపు గీస్త బాపూ" అన్నాను. ముందురోజు ఒళ్ళు నొప్పులని అదే మాట అన్నాను. బాపు చెంప తడుముకున్నాడు.

"గట్లనే బిడ్డా, నువ్వు పో. ఆలస్యమైతది."

మధ్యాహ్నం బడికి కబురొచ్చింది.

ఇంటికి చేరేసరికి వాడకట్టు వాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. ఆడపిల్లవు, నీకెందుకు, మంగలిని పిలుస్తాం అన్నారు ఎవరో. వినలేదు. కుంచె తడిపి, నురగ తీసి, ఆ రెండు రోజుల గడ్డం మెల్లగా, ఎక్కడా గాటు పడకుండా గీశాను. ఆ రోజు నాకు ఎక్కడికీ పోయే తొందర లేదు.