చిలక నేర్చిన దగ్గు

పరుపులాయన నెత్తిన జుట్టు రాలిపోయి చాలా ఏళ్ళయింది. చెవుల వెనక మిగిలిన నాలుగు వెంట్రుకలను గుడ్డ కత్తిరించే కత్తెరతో భార్యే ఒక్క నిమిషంలో తీసిపారేయగలదు. అయినా అతను నెల తిరిగేసరికి సందు చివరి సెలూన్‌కి వెళ్తాడు. బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చుంటాడు. కుర్చీ ఎక్కి మెడకు గుడ్డ చుట్టించుకుంటాడు. సెలూన్ నడిపే మనిషిని అందరూ కత్తెర అంటారు. చేతిలో ఉన్నదాన్ని బట్టి కొంత, నోట్లో ఉన్నదాన్ని బట్టి కొంత.

"రా బావా, ఈసారి పాపిడి ఏ పక్క తియ్యమంటావు?" అంటాడు కత్తెర.

బెంచీ మీదివాళ్ళు నవ్వుతారు. పరుపులాయన కూడా నవ్వుతాడు. అతను వచ్చింది తల కోసం కాదు. అద్దం పక్కన మేకుకు వేలాడే పంజరంలో ఒక చిలక ఉంది. అది ఒకప్పుడు అతని ఇంట్లో ఉండేది. అక్కడి నుంచి దాన్ని పంపేసింది అతనే, అది చేయని తప్పుకు.

అతనిది రెండు గదుల ఇల్లు. ముందు గది పనికి, వెనక గది కాపురానికి. తండ్రి పరుపులు కుట్టాడు, ఆయన పోయాక అదే దబ్బనం పట్టుకుని ఇతనూ కుడుతున్నాడు. కొత్త పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఇప్పుడు లేరు, అవి దుకాణాల్లో ప్లాస్టిక్ తొడుగుతో సహా దొరుకుతాయి. ఇతని దగ్గరికి వచ్చేవన్నీ పాతవే. ఒక దాంట్లో ఎవరిదో నడుము చేసిన గుంట, ఒక దాని మీద ఎవరి పిల్లలో తడిపిన మరక. కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని నేల మీద పరిచి, బెత్తంతో కొట్టి కొట్టి, పొరలుగా విడదీసి, మళ్ళీ నింపి కుట్టాలి. కొట్టేటప్పుడు ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి, లేకపోతే సగం దూది వీధిపాలవుతుంది. గదంతా తెల్లగా నూగు లేస్తుంది. అందుకని అతను ముక్కూ నోరూ కలిపి తువ్వాలు బిగించుకుంటాడు. అది తండ్రి నేర్పిన అలవాటు. అదే గదిలో మూలన కూర్చుని భార్య కుట్లు విప్పుతుంది, దిండ్ల గలేబులకు బొత్తాలు కుడుతుంది. ఆమెకు తువ్వాలు కట్టుకోమని ఎవరూ చెప్పలేదు. అతనికీ తోచలేదు.

పనిలో అతనికి తిరుగు లేదు. ఎవరింటికి వెళ్ళినా మంచం మీద అరచెయ్యి నొక్కి చూసి, ఆ ఇంట్లో ఎవరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో చెప్పేస్తాడు. కానీ ఆ పని పేరు చెప్పాల్సి వస్తే మాత్రం నాలుక మడతపడుతుంది. ఊరి వాళ్ళ పడకల మురికి దులిపేవాడినని చెప్పుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ నామోషీ. జనం నడుములకు సుఖమిచ్చే పని పేరెత్తితే మర్యాదస్తుల ముక్కులు ఎందుకు ముడుచుకోవాలో అతను ఎన్నడూ అడగలేదు. వాళ్ళు ముడుచుకోకముందే తానే మాట మార్చేసేవాడు.

చిలక వచ్చింది కూడా ఒక పాత పరుపుతోనే. ఇల్లు మారుతున్నామని చెప్పి ఒకతను పరుపు బాగుచేయమని ఇచ్చి, పంజరం కూడా దించి, సామాను సర్దుకోగానే వచ్చి రెండూ తీసుకెళ్తానన్నాడు. మళ్ళీ అతని జాడ లేదు. ఆ పరుపు మీద ఇప్పుడు వీళ్ళే పడుకుంటున్నారు. చిలకను ఆమె అమ్మడూ అని పిలిచి పెంచుకుంది. "నోరు లేనిదాన్ని వదిలేసి పోయాడు, ఆ మనిషికి సిగ్గూ శరం ఉందా?" అని పరుపులాయన చాలాసార్లు అన్నాడు. చిలకకు నోరు లేదనడం ఒక్కటే అందులో అబద్ధం. అది రోజంతా వాగేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా అతని గొంతుతోనే "మెత్తదా, గట్టిదా?" అని బేరం మొదలుపెట్టేది. ఆమె అన్నం తినేటప్పుడు పంజరం పక్కన పెట్టుకుని, తనకో ముద్ద, దానికో మెతుకు పెట్టేది.

తర్వాత ఆమెకు దగ్గు పట్టుకుంది. మొదట జలుబనుకున్నారు, ఆ తర్వాత వాతావరణం అనుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం, పొయ్యి దగ్గర వంగితే ఆయాసం. చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెళ్ళేముందు చొక్కా మీద దూది పోగు ఒక్కటి కూడా లేకుండా ఏరుకున్నాడు. బయట కుర్చీల్లో అతని పక్కన కూర్చున్నవాళ్ళ బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఏం చేస్తుంటారు మీరు?" డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది.

"వ్యాపారం అండీ," అన్నాడు. అక్కడితో ఆగకుండా, "ఫర్నిషింగ్," అని కూడా తగిలించాడు.

భార్య అతని వైపు ఒకసారి చూసి ఊరుకుంది. పరాయివాళ్ళ ముందు మొగుడి మాట కాదనే మనిషి కాదు.

"ఇంట్లో దుమ్ము, పొగ ఏమైనా ఉంటాయా? కుక్క, పిల్లి లాంటివి?"

ఆ ఇంట్లో దూదిని దుమ్మని ఎవరూ అనరు. దుమ్మంటే వీధిలోంచి వచ్చేది. అందుకే ఆమె అమాయకంగా, "ఒక చిలక ఉందండీ," అంది.

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. ఈకల పొడి గురించి, రెట్టల గురించి చెప్పింది. కొంతమంది ఊపిరితిత్తులకు అది పడదనీ, ముందు చిలకను ఎవరికైనా ఇచ్చేసి చూద్దామనీ అంది. భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరుపులాయనకు సరిగ్గా ఆ క్షణాన దూది గుర్తొచ్చింది. మూసిన కిటికీ గుర్తొచ్చింది. తన మొహానికి కట్టుకునే తువ్వాలు గుర్తొచ్చింది. నోరు తెరిస్తే ఫర్నిషింగ్ వ్యాపారం అక్కడే కూలిపోతుంది. తెరవలేదు. పైగా నేరం మరొకరి మీదికి పోయినందుకు లోపలెక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

పంజరం మోసుకుని సెలూన్‌కి వెళ్ళిన రోజు కత్తెర ఖాళీగా ఉన్నాడు.

"డాక్టరమ్మ ఇంట్లో చిలక వద్దంది. దాని ఈకల వల్లే మీ చెల్లికి దగ్గట."

"నీ దూదికి రాని దగ్గు దీని ఈకలకు వచ్చిందా బావా?" అని కత్తెర పకపకా నవ్వాడు. వాడు అన్నది సరదాకే. పరుపులాయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పంజరం బల్ల మీద పెట్టేసి, మరో మాట లేకుండా బయటికి నడిచాడు. వెనక నుంచి "మెత్తదా, గట్టిదా?" అని తన గొంతే తనను అడిగింది.

చిలక పోయింది. దగ్గు పోలేదు. "ఈకల పొడి ఇంకా ఇంట్లో ఉండిపోయి ఉంటుంది," అన్నాడు అతను. ఆమె గోడలు తుడిచింది, పరదాలు ఉతికింది, పంజరం వేలాడిన మేకును కూడా సబ్బుతో కడిగింది. అంతా అయ్యాక వచ్చి అతని పక్కన కూర్చుని కుట్లు విప్పసాగింది. అతను బెత్తం ఎత్తాడు. ఎత్తేముందు తువ్వాలు కట్టుకోవడానికి ఆ రోజు చేతులు రాలేదు. కట్టుకోకుండానే కొట్టాడు. అదేదో ప్రాయశ్చిత్తం అనుకున్నాడు కాబోలు. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు, ఇద్దరూ దగ్గారంతే.

"ఒక్కసారి దాన్ని చూసొద్దామండీ," అని ఆమె అడుగుతూ ఉండేది.

"ఇప్పుడే వద్దు. మనల్ని చూస్తే బెంగ పెట్టుకుంటుంది. అలవాటు పడనీ."

చెప్పడానికి అది బాగానే ఉంది. అసలు సంగతి వేరు. ఒక రోజు అతను ఒక్కడే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. చిలక మెడ వాల్చి, గొంతులోంచి "టప్... టప్... టప్..." అంది. అచ్చం బెత్తం దూది మీద పడే చప్పుడు. వెంటనే దగ్గింది. ఆమె దగ్గు. మొదట రెండు పొడి దగ్గులు, తర్వాత ఊపిరందని ఒక ఈల. మళ్ళీ టప్ టప్ టప్. మళ్ళీ దగ్గు. బెంచీ మీదివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అతను లేచి, పని గుర్తొచ్చిందని చెప్పి వచ్చేశాడు. చెవులున్న ఎవరికైనా ఆ వరస అర్థమవుతుంది. ఆమెకు చెవులున్నాయి. అందుకే ఆమెను అక్కడికి వెళ్ళనివ్వకూడదనుకున్నాడు.

డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజున ఇద్దరూ బయల్దేరారు. సందు చివరికి రాగానే ఆమె ఆగిపోయింది.

"ఈ పూట నేను దాన్ని చూడందే రాను," అంది.

"ఆలస్యం అవుతుంది."

"అవనివ్వండి."

ఆమె అప్పటికే సెలూన్ మెట్టెక్కేసింది. చిలక ఆమెను చూసి రెక్కలు టపటపలాడించి, కడ్డీల మధ్య నుంచి ముక్కు బయట పెట్టింది. ఆమె వేలు అందించింది. అది ఆ వేలును మెల్లగా కొరికి, సంతోషం పట్టలేక తనకొచ్చిందంతా అప్పజెప్పడం మొదలుపెట్టింది. మెత్తదా, గట్టిదా. టప్ టప్ టప్. దగ్గు.

"రోజూ ఇదే వరస చెల్లెమ్మా," అన్నాడు కత్తెర, ఎవరికో గడ్డం గీస్తూ. "ముందు దెబ్బలు, తర్వాత దగ్గు. ఉత్తినే దగ్గవే అంటే దగ్గదు. దెబ్బలు పడాల్సిందే. మావాళ్ళంతా నాటకానికి వచ్చినట్టు వస్తున్నారు దీనికోసం."

ఆమె నవ్వింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయి చల్లబడింది. చిలక రెండోసారి మొదలుపెట్టింది. ఆమె తల కొంచెం వంచి, పరుపు కుట్టు ఎక్కడ మొదలైందో వెతుకుతున్నంత శ్రద్ధగా విన్నది. పరుపులాయన గుమ్మంలో నిలబడి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఆమె మెట్టు దిగి ముందు నడిచింది. దారి పొడుగునా మాట్లాడలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. తిట్టే మనిషి దగ్గర కనీసం ఎదురు చెప్పడానికైనా ఉంటుంది.

"చిలకను పంపించేశారా? ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పంపించామండీ. అలాగే ఉంది," అంది ఆమె. "మిగతాది ఆయన చెబుతారు," అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. భార్య గోడ వంక చూస్తోంది. ఇంకో అబద్ధం వెతుక్కుంటే దొరికేదే. ఆమె మాత్రం వినడానికి సిద్ధంగా లేనట్టు కూర్చుంది.

"నేను పరుపులు కుడతానండీ," అన్నాడు. "పాత పరుపుల దూది కొట్టి మళ్ళీ నింపుతాను. ఇంట్లోనే. ఈమె కూడా ఆ గదిలోనే ఉంటుంది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయినప్పటి నుంచీ."

"కిటికీలు తెరుస్తారా?"

"మూస్తామండీ. దూది ఎగిరిపోతుందని."

"ముక్కుకు ఏమైనా అడ్డం కట్టుకుంటారా?"

"కట్టుకుంటానండీ," అన్నాడు. ఆ మాటకు తోక ఉంది, అది మిగిలిపోయింది. మింగేయాలని చూశాడు. మింగుడు పడలేదు. "నేను కట్టుకుంటాను. ఆమెకు ఎప్పుడూ కట్టలేదు."

ఆ గదిలో ముక్కు ముడిచినవాళ్ళెవరూ లేరు. చిన్నప్పటి నుంచీ అతను భయపడిన ముడత అది. అది రానేలేదు. డాక్టరమ్మ కొత్త మందులు రాసి, ఆ పని ఇంట్లోంచి తీసేయమంది. మొదటిసారే చెప్పి ఉంటే అని ఒక మాట మొదలుపెట్టి, అతని మొహం చూసి ఆపేసింది. ఆపకుండా అనేసి ఉంటే బాగుండేది.

టింబర్ డిపో వెనక ఒక రేకుల షెడ్డు దొరికితే పరుపులాయన పని అక్కడికి మార్చాడు. సాయంత్రం షెడ్డులోనే బట్టలు మార్చుకుని, తల మీద నీళ్ళు కుమ్మరించుకుని ఇంటికి వస్తాడు. ముందు గది ఖాళీ అయింది, కిటికీ తెరుచుకుంది. ఆమె దగ్గు ఒక్కసారిగా పోలేదు, అరిగి అరిగి సన్నబడింది. మెట్లెక్కితే ఆయాసం మాత్రం మిగిలింది. అది ఇక పోదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

దగ్గు తగ్గాక ఒకరోజు అతను అన్నాడు, "వెళ్ళి అమ్మడిని తెచ్చేస్తాను. కత్తెర కాళ్ళయినా పట్టుకుంటాను."

ఆమె బొత్తం కుడుతోంది. తల ఎత్తలేదు. "వద్దు. ఆ ముందటాయన మన దగ్గర వదిలేశాడు, మీరు అక్కడ వదిలేశారు. దానికి అక్కడ అలవాటైంది. మీకు నచ్చినప్పుడల్లా దాని ఇల్లు మార్చకండి." దారం కొరికి, "నేను రోజూ వెళ్ళి చూసొస్తున్నాను కదా," అంది.

ఆమె వెళ్ళేది మధ్యాహ్నం, సెలూన్ ఖాళీగా ఉన్నప్పుడు. అతను ఆ వేళకు వెళ్ళడు. ముఖం చెల్లదు. జనం ఉన్నప్పుడే వెళ్ళి, వాళ్ళ మధ్యన కూర్చుంటాడు.

మొన్న అలాగే కుర్చీలో కూర్చున్నాడు. కత్తెర ఆ నాలుగు వెంట్రుకలకే నలభై సార్లు కత్తెర ఆడిస్తున్నాడు. చిలక మొదలుపెట్టింది. టప్ టప్ టప్. తర్వాత ఆ దగ్గు, చివర్లో ఆ ఈల. ఇంట్లో ఆమె ఇప్పుడు అలా దగ్గడం లేదు. ఆ దగ్గు ఇక్కడ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. బెంచీ మీదివాళ్ళు నవ్వారు. కొత్తగా వచ్చినతను ఒకడు మాత్రం నవ్వలేదు.

"పాపం, దీనికేదో జబ్బులా ఉందే. ఎవరింట్లో అంటించుకుందో," అన్నాడు.

కత్తెర ఏదో హాస్యమాడబోయి, అద్దంలో పరుపులాయన మొహం చూసి నోరు మూసుకున్నాడు. అలా నోరు మూసుకోవడం ఆ సెలూన్‌లో ఎవరూ చూసి ఎరగరు.

"దాని జబ్బు కాదండీ," అన్నాడు పరుపులాయన, మెడకు చుట్టిన గుడ్డలోంచి. "మా ఇంట్లోది."

కొత్తతను ఇబ్బందిగా కదిలి, మాట మార్చడానికి అడిగాడు. "అలాగా. తమరేం చేస్తుంటారు?"

"పరుపులు కుడతాను. పాత దూది కొట్టి నింపుతాను."

పంజరంలో నుంచి అతని గొంతే, ఎప్పటిదో, హుషారుగా అడిగింది: "మెత్తదా, గట్టిదా?"