టవల్ వేసిన సీటు: నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు

ఆళ్లగడ్డకు వెళ్లింది పోయిన వేసవిలో చనిపోయిన మా ఆయన సమాధికి రాయి చేయించడానికి. దారి పొడుగునా తలలో తిరిగింది మాత్రం ఒక తమిళ సినిమా. మా క్రైస్తవ కుటుంబాల్లో కొందరు జంటరాయి వేయిస్తారు. ఒక పక్క పోయినవారి పేరు, రెండో పక్క బతికున్నవారి కోసం ఖాళీ. "బతికుండంగానే నీకు జాగా ఏందక్కా, అపశకునం! ఒంటిరాయే చెప్పు" అని మా చెల్లెలు ఒకటే పోరు. ఏది చెప్పాలో తేలకుండానే బయల్దేరాను.

సినిమా సంగతి చెబుతాను. పేరు చెప్పను, చెబితే చూసి "ఇందులో ఏముంది?" అంటారు. ఆయన మంచాన పడ్డాక ఇద్దరం టీవీలో చూశాం. మాకు తమిళం రాదు, అందులో మాటలే తక్కువ కాబట్టి బతికిపోయాం. రోజూ ఒకే బస్సెక్కే ఇద్దరి కథ. అతను ముందే వచ్చి కిటికీలోంచి టవల్ విసిరి ఆమెకు సీటు పడతాడు. ఆమె ఆ టవల్ మడిచి అతని చేతికిచ్చి కూర్చుంటుంది. అంతే. పాటల్లేవు, కౌగిలింతల్లేవు. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయ్యాక కూడా అతను టవల్ వేస్తాడు. నిలబడ్డవాళ్లెవరో అడిగితే మాట్లాడకుండా తీసేస్తాడు. అప్పుడు అతని ముఖం కూడా చూపించరు, చెయ్యి ఒక్కటే. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏందీ ఏడుపు? సినిమాలో ఏం జరగలేదు గదా" అన్నాడు మా ఆయన. మళ్లీ తనే, "సీట్లు నేనూ పట్టినా. నా మింద ఎవురూ సినిమా తీయలే" అన్నాడు. నిజమే. ప్రేమ అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. కానీ పండగ రద్దీలోనైనా సరే, ఆయన పక్కనుండగా నేను బస్సులో నిలబడింది లేదు.

శనివారం పొద్దున ఏడున్నరకల్లా నంద్యాల బస్టాండులో ఉన్నాను. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంట పైచిలుకు ప్రయాణం, వంద నోటిస్తే చిల్లర వస్తుంది. అహోబిలం వెళ్లే జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. బస్సు ఆగీ ఆగకముందే సంచిలో ఉన్న ఆయన టవల్ తీసి కిటికీలోంచి వేశాను. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. టవల్ పక్క సీట్లోనే ఉండిపోయింది. ఒక అవ్వ వచ్చి నిలబడింది.

"ఈడ ఎవరన్నా వస్తాండారా తల్లీ?"

"మా ఆయన వస్తాండాడు అవ్వా" అన్నాను.

అన్నాక గాని తెలియలేదు ఏమన్నానో. టవల్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"కూచో అవ్వా. ఇయ్యాల రాడులే."

అవ్వ నా ముఖం చూసి పక్కన కూర్చుంది. ఎడమవైపు నల్లమల కొండలు కనబడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. శిరివెళ్ల దాటాక అవ్వ తన సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి, "తిను, కడుపు కాలితే ఏడ్చేకి కూడా శక్తుండదు" అని కసిరింది.

ఆళ్లగడ్డలో శిల్పుల దుకాణాలు ఎవరినడిగినా చూపిస్తారు. నేను వెళ్లిన చోట దేవుడి విగ్రహాల పక్కనే సిలువ రాళ్లూ ఉన్నాయి. రాతిపొడితో కనుబొమలు తెల్లబడ్డ పెద్దాయన ఉలి పక్కన పెట్టాడు.

"ఎవురికమ్మా?"

"మా ఆయనకు అన్నా."

"ఒంటిదా, జంటదా?"

చెల్లెలి మాట చెవిలో మోగింది. అక్కడున్న జంటరాయి మీద, పేరు లేని పక్కన చెయ్యి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. ఒక్కసారిగా భయం పోయింది.

"జంటదే చెయ్యన్నా. ఆయన ముందే పోయి నాకు సీటు పట్టినాడు."

పెద్దాయన ఆ ఖాళీ పక్కను అరచేత్తో తుడిచాడు. "సరేలే తల్లీ. ఈ పక్క నున్నగా ఇడుస్తా" అన్నాడు. రాయిని బట్టీ అక్షరాలను బట్టీ ధర, మూడు వారాలు పడుతుందట.

తిరుగు ప్రయాణంలోనూ దుఃఖం తగ్గలేదు, అబద్ధమెందుకు? కానీ ఆ సినిమాలో ఏం జరిగిందో ఇప్పుడు నాకు తెలుసు. మా ఆయనకు అప్పుడే తెలుసు, చెప్పలేదంతే.

మీరు వెళ్లేట్టయితే ఒక్క మాట. శనివారాల్లో బస్సులు ఖాళీ ఉండవు, చేతిలో టవల్ ఉంచుకోండి. పక్కన వచ్చే మనిషి ఉంటే వేయండి. లేకపోతే, నిలబడ్డవాళ్లు అడగకముందే తీసేయండి.