చెల్లెలి బండికి నేను ఎంచిన పట్ట

మా చెల్లెలి బండికి నీడపట్ట ఎంచింది నేనే. అందులో ఇంకెవరికీ వాటా లేదు. వద్దన్నవాళ్లు ఇద్దరున్నారు, వాళ్ల నోళ్లు మూయించింది కూడా నేనే. తరగతిలో నలభై మంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచరునని నాకు పొగరు. ఆ పొగరు ఇంట్లో కూడా పనికొస్తుందనుకున్నాను.

మా మరిది, అంటే చెల్లెలి భర్త, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. బనగానపల్లె తోటల నుంచి మామిడికాయలు తోలిన పాత వ్యాను ఒకటి, రెండో తరగతి చదివే కూతురు ఒకతె, ఆమెకు మిగిలింది అంతే. ఏడాది తిరక్కముందే కువైట్‌కు మనుషులను పంపే ఏజెంటు ఒకడు మా ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అక్కడ ఎవరింట్లోనో వంట చేయాలి, వాళ్ల పిల్లలను ఎత్తుకోవాలి, రెండేళ్లు కదలడానికి లేదు. నంద్యాలలో మా వీధిలోనే అలా పోయిన ఆడవాళ్లు నలుగురున్నారు. చెల్లెలు భయపడింది, పనికి కాదు.

"రెండేండ్లంటే ఇది నా మొగం మర్చిపోతాది అక్కా," అంది, కూతురి తల నిమురుతూ.

వ్యానును తిండిబండిగా మార్చుకుందామన్నది ఆమె ఆలోచనే. ఒక పక్క రేకు కోయించి పైకి లేచే తలుపు పెట్టించింది. లోపల గ్యాసు పొయ్యి, పెనం, వెనకవైపు పడుకోవడానికి ఒక చెక్కబల్ల. ఆళ్లగడ్డలో, అహోబిలం పోయే దారి పక్కన, రాతి విగ్రహాలు చెక్కే కుటుంబం ఒకటి తమ పనిస్థలం అంచున చోటిచ్చింది. ఎండాకాలం మొదలు నుంచి వానలు పడేదాకా ఉండొచ్చు. బేరం సాగితే ఆ తర్వాత కూడా ఆ చోటు ఆమెదే, బిడ్డను అక్కడి బళ్లోనే చేర్పించుకుంటుంది. సాగకపోతే కువైట్. మూడో దారి లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఆళ్లగడ్డ ఎండకు నీడ లేని చోట మనిషి నిలబడి తినడు. వ్యాను పక్కన చాచి కట్టడానికి పెద్ద పట్ట కావాలి, దాని కింద నాలుగు బల్లలు వేయాలి. పట్ట నేను కొనిస్తానన్నాను. కొనిచ్చేది నేను కాబట్టి ఎంచేది కూడా నేనే అని ఎవరూ అనకుండానే ఖాయమైపోయింది.

నంద్యాల బజారులో పట్టలు, తాళ్లు, గొడుగులు అమ్మే పాత అంగడి అది. అంగడాయన నుదుటన నిలువు నామం, చెవి మీద పెన్సిలు. మనిషి మంచివాడే. లోపల చీకటిగా ఉంటుంది, పట్టలన్నీ మడతలు పెట్టి పైదాకా పేర్చి ఉంటాయి. రంగు చూడడం కంటే చేత్తో నలిపి మందం చూడడమే అక్కడి పద్ధతి. చెల్లెలు ఒక తెల్లపట్ట అంచు పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఇది తేటగా ఉంటాదేమో," అంది.

"రాళ్లు కొట్టే చోట తెల్లదా? రెండు దినాలకే మాసిపోతాది. నీకేం తెలుసే?" అన్నాను.

నా చెయ్యి అప్పటికే నీలం పట్ట మీద ఉంది. మా నాయన సువార్త కూటాలకు పందిళ్లు వేసేవాడు. కొత్తపల్లెలో కానీ ఆత్మకూరులో కానీ, కూటాలు ఎక్కడ జరిగినా పందిరి మా నాయనదే, పట్టలు నీలానివే. వానకు ఓర్చుతాయి, ఎండకు చిట్లవు అనేవాడు. ఆ నీలం కింద కూర్చున్న ఆడవాళ్ల తెల్లచీరలు అప్పుడే నీలిమందు పెట్టి ఉతికినట్టు మెరిసేవి. పరలోకంలో అందరూ అట్లాగే మెరుస్తుంటారని చిన్నప్పుడు నమ్మాను. అంగట్లో ఆ పట్ట వాసన తగలగానే నాయన గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత నాకు ఇంకే పట్టా కనిపించలేదు.

"ఏం పెడతాండారమ్మా దీని కింద?" అన్నాడు అంగడాయన.

"ఉగ్గాని, కారం దోస."

"తిండికైతే నీలం వద్దమ్మా. తెల్లదో, గోధుమ రంగుదో తీసుకోండి."

"ఎందుకు?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏమోనమ్మా. తిండి బండ్లకు నీలం కొన్నోళ్లు బాగుపడింది నేనైతే చూళ్లేదు."

ఇంకొకరైతే ఆ మాట దగ్గర ఆగేవాళ్లు. నేను ఆయన నామం చూశాను. నీలమంటే శని అని చెబుతున్నాడనుకున్నాను. మా నాయన జీవితమంతా దేవుని పనికి కట్టిన రంగును ఈయన అపశకునం అంటాడా అని ఒళ్లు మండింది.

"మాకు అట్లాంటి నమ్మకాలు లేవు. నీలమే కట్టివ్వండి," అన్నాను, క్లాసులో మాట్లాడే గొంతుతో.

ఆయన పట్ట మడిచి తాడు కట్టాడు. చెల్లెలు తెల్లపట్ట అంచు వదిలేసింది.

మొదటి ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. పట్టను గట్టిగా లాగి నాలుగు కర్రలకు కట్టారు. ఒక్క ముడత లేదు. కింద నిలబడితే నా తెల్లచీర మెరిసింది, నాయన ఉంటే మెచ్చుకునేవాడని మురిసిపోయాను. చెల్లెలు ఏం పెట్టిందో, ఎవరు తిన్నారో ఆ రోజు నేను చూడనే లేదు.

బేరం లేదు. కార్లు నెమ్మదించేవి, మనుషులు దిగేవాళ్లు, బల్ల మీది తిండి తట్టల వైపు ఒకసారి చూసి, టీ మాత్రం తాగి పోయేవాళ్లు. కొందరు ఒక ముద్ద తిని వదిలేసేవాళ్లు. చెల్లెలి చేతి వంట తెలిసిన దాన్ని కాబట్టి నాకు అంతుబట్టలేదు. మా చుట్టాల పెళ్లిళ్లలో ఆమె చేసిన బొరుగుల ఉగ్గాని కోసం జనం గిన్నె దగ్గర కొట్టుకునేవాళ్లు. ఉప్పెక్కువైందేమో అనుకున్నాం, నూనె మార్చాం. పాస్టరును పిలిపించి బండి దగ్గర ప్రార్థన చేయించాం. ఆయన కూడా టీ తాగి పోయాడు.

మూడో ఆదివారం నాకు ఆకలిగా ఉండి, పట్ట కింద బల్ల మీద కూర్చుని ఉగ్గాని పెట్టమన్నాను. తట్టలోకి చూశాను. ఉగ్గాని పసుపుపచ్చగా లేదు. పాచి రంగులో, బూజు పట్టినట్టు ఉంది. నిన్నటిది పెట్టిందేమో అనుకున్నాను. కానీ ముట్టుకుంటే వేడిగా ఉంది. తట్ట ఎత్తుకుని బండి వెనక్కి, ఎండలోకి పోయాను. అక్కడ అది పసుపుతో, ఎర్రటి మిరపకాయలతో, కొత్తిమీరతో కళకళలాడుతోంది. మళ్లీ నీడలోకి వచ్చాను. మళ్లీ బూజు. పక్క బల్ల మీది దోస మీద ఎర్రకారం నల్లగా మాడినట్టుంది. నా చీరను మెరిపించిన నీలమే తిండిని పాడు చేస్తోందని ఆ క్షణంలో అర్థమైపోయింది. అంగడాయన చెప్పింది శని గురించి కాదని కూడా అర్థమైంది.

అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. తాళ్లు విప్పి ఆ పట్టను కింద పడేయాలి. నేను చెల్లెలి దగ్గరికి పోయి ఇలా అన్నాను: "పసుపు సరిగా పడలేదే. చెయ్యి కుదురుగా పెట్టి వండు."

"సరే అక్కా," అంది.

ఎందుకలా అన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు పెద్దదేం కాదు. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. నీకేం తెలుసే అన్న నోటితో నాకే తెలియలేదు అనాలి. మాకు నమ్మకాలు లేవని కసిరిన అంగడికి మళ్లీ పోయి నిలబడాలి. వచ్చే ఆదివారం ఏదో ఒక వంక పెట్టి మార్పిస్తానులే అనుకున్నాను. వచ్చే ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చింది. ఆ పై ఆదివారం తలనొప్పి. అలా ఐదు ఆదివారాలు గడిచాయి. ఆ ఐదు వారాలూ మా చెల్లెలు తెల్లవారకముందే లేచి ఉల్లిగడ్డలు తరిగింది, బొరుగులు నానబెట్టింది, మిగిలిందంతా మధ్యాహ్నం ఆవులకు వేసింది. ఇది రాస్తుంటే కూడా నా మీద నాకు అసహ్యంగా ఉంది.

చివరికి చెప్పింది ఆ విగ్రహాలు చెక్కే కుటుంబంలోని తాత. రోజూ టీ తప్ప ఏదీ ముట్టని మనిషి ఒక ఆదివారం దోస అడిగాడు. తట్ట చూసి మొహం చిట్లించి, దాన్ని ఎండలోకి తీసుకుపోయాడు. అక్కడి నుంచే గట్టిగా కేకేశాడు.

"ఏందమ్మా ఇది? ఆడ చూస్తే మాడిపోయినట్టుండాది. ఈడ చూస్తే నిగనిగలాడతాంది. మేం దేవుని మొగం చెక్కినాంక ఎండలో పెట్టి చూడకుండా ఎవ్వరికీ ఇయ్యం. నీడ ఒట్టి అబద్ధాలు చెప్తాది. నీ వంటకేం కాలేదు, ఆ పట్ట పీకెయ్."

"అవునా తాతా!" అన్నాను, మొదటిసారి విన్నట్టు. చెల్లెలు తట్టలు తుడుస్తోంది. తలెత్తలేదు.

మరుసటి రోజే తెల్లపట్ట తెచ్చాను. అంగడాయన కొలిచి ఇచ్చాడు, ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. కానీ అప్పటికే ఆ దారిలో ఆటోవాళ్లు మా చెల్లెలి బండికి పేరు పెట్టేశారు, బూజు ఉగ్గాని బండి అని. రోజూ ఆ దారిన పోయేవాళ్లు రెండోసారి తిరిగి చూడలేదు. తెల్లపట్ట కింద తిండి తేటగా, అందంగా, ఎవరూ ముట్టకుండా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు తిని మెచ్చుకున్నారు, అంతలోనే వానలు దిగాయి. ఒక సోమవారం చెల్లెలు ఏజెంటుకు తనే ఫోన్ చేసింది.

బండి ఖాళీ చేసే రోజు సాయం చేద్దామని నేనూ పోయాను. గిన్నెలు సంచిలో సర్దుతూ ఆమె నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"అక్కా, ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. ఆ పట్ట సంగతి నాకు మొదటి దినమే తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరకుంటివే?"

"నువ్వు ఇష్టపడి కొనిస్తివి గదా. అంగట్లో నాయనను తల్చుకుని కండ్లనీళ్లు పెట్టుకుంటివి. నేనెట్ల తీసేయమంటా? నీ అంతకు నువ్వే చూసి మార్చమంటావులే అని ఉంటి." సంచి మూతి ముడి వేసింది. "మూడో ఆదివారం నువ్వు తట్ట ఎత్తుకుని బండెనక్కి పోతివే, నేను వ్యాను అద్దంలో చూస్తాంటి. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసుకుంటివి. దేవుడా, అక్కకు తెలిసిపోయింది, ఇంక మేం బతికిపోతాం అనుకుంటి."

ఆ తర్వాత నేనేమన్నానో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ఆమె గొంతులో కోపం కోసం వెతికాను. ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. లేదు. అలసట ఒక్కటే ఉంది. "ఆ గ్యాసు బండ నువ్వు ఎత్తొద్దులే, నీకు నడుం నొప్పి గదా," అని తనే ఎత్తి కింద పెట్టింది.

ఆమె కువైట్ పోయి పది నెలలయింది. పాప నంద్యాలలో నా దగ్గరే ఉంటోంది. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోన్ చేస్తుంది. ఫోన్లో బిడ్డ మొహాన్నే చూస్తూ ఉంటుంది. నన్ను నడుం నొప్పి ఎట్లుందని అడుగుతుంది. తప్పు నాదే అన్న మాట ఆమెతో ఇప్పటికీ అనలేదు. ప్రతి శుక్రవారం అనాలనుకుంటాను, ప్రతి శుక్రవారం నడుం గురించి చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

పోయిన వారం పాప బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల తరగతిలో ఒక అమ్మాయి తండ్రి అప్పట్లో ఆళ్లగడ్డలో ఆటో తోలేవాడట.

"పెద్దమ్మా, మా అమ్మ బూజు పట్టిన ఉగ్గాని పెడతాండెనంట. అందుకే బండి మూసేసి పోయిందంట. నిజమేనా?"

కాదు అంటే చాలు, ఒక్క మాట. కానీ కాదంటే, మరి ఎందుకు పోయింది అని అడుగుతుంది. పుస్తకాల సంచి భుజానికి అలాగే ఉంచుకుని, నేనేం చెబితే అదే నిజమన్నట్టు నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ముందు హోంవర్క్ రాసుకో," అన్నాను.