ఇంటింటా ఇనుప కుర్చీ

పోయిన ఆదివారం నుంచి నేను ఎవరింటికి పోయినా నిలబడే మాట్లాడుతున్నాను. కూర్చోమంటే "వద్దులెండి, ఇందాకే కూర్చున్నాను" అంటున్నాను. మోకాళ్ళ నొప్పులేమోనని మీలో కొందరు నా పేరు ప్రార్థనలో కూడా పెట్టారట. వందనాలు. మోకాళ్ళకేం కాలేదు. అయిందంతా పరువుకే. టీ చల్లారకముందే చెప్తాను, వినండి. మధ్యలో మాత్రం నవ్వకండి. ఎవరైనా నవ్వితే నాకు ఊపొచ్చి లేనివి కూడా కలుపుతాను.

సంగతి బోరింగుతో మొదలైంది. ఒక చేతి బోరింగు వేయించండని మా సంఘానికి ఎవరో దాత డబ్బు పంపాడు. ఒక్కటే బోరింగు. దాన్ని మట్టెవాడలో వేయాలని పాస్టరుగారి కోరిక. మట్టెవాడలో వీపుకు వీపు ఆనించుకొని రెండు గల్లీలున్నాయి. ఒకదాంట్లో మరాఠీ దర్జీలు. వాళ్ళ తాతలు నిజాం ఫౌజుకు యూనిఫారాలు కుట్టడానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. రెండోదాంట్లో సర్దార్లు. వాళ్ళ తాతలు ఆ యూనిఫారాలు తొడుక్కోవడానికొచ్చి ఉండిపోయారు. ఇప్పుడు ఫౌజూ లేదు, నిజామూ లేడు. దర్జీలు లంగాలు, లాగులు కుడుతున్నారు. సర్దార్లు తాళాలు బాగుచేస్తారు, ఇనుప పెట్టెలు చేస్తారు, లారీలకు అతుకులు పెడతారు. రెండు గల్లీలకూ కలిపి ఒకటే బావి. ఎండాకాలం దాంట్లో బొక్కెన వేస్తే బురద వస్తుంది. ఆడవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకొని మిల్లు రోడ్డు నల్లా దాకా నడవాలి.

కమిటీలో సగం మంది మరాఠీ గల్లీకి ఇద్దామన్నారు. సగం మంది సర్దార్ల గల్లీకి అన్నారు. ఖజాంచి ఇమ్మానుయేలుగారు మాత్రం ఏ గల్లీ పేరూ ఎత్తలేదు. బోరింగు చర్చి కాంపౌండులో ఆయన పెట్టిన కొబ్బరి మొక్కల పక్కన పడితే బాగుండునని ఆయన ఆశ.

అధ్యక్షులు దైవసహాయంగారు రిటైరైన హెడ్మాస్టరు. "రెండు జాతులూ బయటినుంచి వచ్చినవే. ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు వెనకబడ్డారు, ఎవరైనా పోయి చూసి రండి. వెనకబడ్డవాళ్ళకు ఇద్దాం" అన్నారు.

నేను చెయ్యెత్తాను. చూసిరావడం మీద కన్నా, చూసొచ్చి మైకులో చెప్పడం మీద నాకు ప్రేమ. అది మీకూ తెలుసు, దేవునికీ తెలుసు.

"బోరింగు మాట ఎత్తకు ప్రభుదాసూ. ఎత్తితే అందరూ బీదవాళ్ళైపోతారు" అన్నారు దైవసహాయంగారు.

"నేనెందుకు ఎత్తుతానండీ. నోటితో ఏమీ అడగను. ఇంట్లో ఏమేం సామానుందో కంటితో చూస్తాను. సామాను అబద్ధం చెప్పదు" అన్నాను.

మా సుగుణ ఇంట్లో చొక్కా గుండీ కుడుతూ విన్నది. "మన ఇంట్లో సామాను చూసి మనల్ని ఏమనుకోవాలె?" అన్నది. అలాంటి ప్రశ్నలకు నేను జవాబు చెప్పను.

శనివారం పొద్దున ప్రార్థన చేసుకొని, తెల్ల చొక్కా వేసుకొని రిక్షా ఎక్కాను. హనుమకొండ నుంచి మట్టెవాడ దాకా రిక్షా అతను రెండుసార్లు దిగి తోశాడు. ఎదురుగాలి అనుకున్నాను.

మొదటి ఇల్లు విఠల్‌రావుది. మరాఠీ గల్లీకి పెద్దమనిషి. ఆయన భార్య శాంతాబాయి నన్ను చూసి గబగబా లోపలికి పోయి ఒక చెక్క మడత కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. "సారు మా ఇంటికొచ్చిండు. కూసోండి సారూ."

కూర్చున్నాను. "మీ కుటుంబానికి శుభం" అని మొదలుపెట్టాను. శుభం దాకా కుర్చీ ఓర్చుకుంది. తర్వాత కింద ఏదో పెళపెళమంది. చూస్తే నా మోకాళ్ళు నా చెవుల పక్కన ఉన్నాయి. కుర్చీ మడత పడింది, దాని లోపల నేను కూడా మడత పడ్డాను. విఠల్‌రావు ఒక చెయ్యి పట్టాడు, శాంతాబాయి ఒక చెయ్యి పట్టింది. నేను రావట్లేదు. నాతో కుర్చీ కూడా లేస్తోంది.

ఆ చప్పుడుకు వెనకవైపు నుంచి బల్‌దేవ్ సింగ్ పరుగెత్తుకొచ్చాడు. సర్దార్ల గల్లీలో వెల్డింగు చేసే మనిషి. అరచేతులు పారల్లా ఉంటాయి. నన్నొక చేత్తో, కుర్చీనొక చేత్తో పట్టి విడదీశాడు. తర్వాత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. కిందినుంచి పైకి ఇంకోసారి చూశాడు. లారీకి ఎంత లోడు ఎక్కుతుందో చూసే చూపు అది. విఠల్‌రావు చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

"పోనీ సారూ, పాత కుర్చీ. ఎన్నడో ఇరగాల్సింది" అన్నది శాంతాబాయి. గొంతులో మాత్రం ఇప్పుడు విరిగినట్టే ఉంది.

పక్కింటికి పోయాను. గడపలోనే ఆపారు. "జర ఆగుండ్రి సారూ, ఇల్లు సర్దుతాన్నం. గంతదాక ఏమన్న మంచిమాట చెప్పుండ్రి." నన్ను మంచిమాట చెప్పమనేవాళ్ళు దొరకడమే అరుదు. చెప్పాను. లోపల పెరటివైపు ఏదో ఇనుము ఈడ్చిన చప్పుడైంది. కష్టపడి పనిచేసే కుటుంబం అనుకున్నాను.

లోపలికి పోతే ఆకుపచ్చ రంగేసిన ఇనుప కుర్చీ. ఏం కుర్చీ అనుకున్నారు! సింహాసనం. గులాబీపూల పింగాణీ కప్పులో టీ. గూట్లో తోలు తొడుగేసిన ట్రాన్సిస్టరు పాడుతోంది. ఔరా, దర్జీలు బాగానే ఉన్నారే అనుకున్నాను. ఆ సంతోషంలో కప్పు వొలికి కుర్చీ చేతిమీద టీ మరక పడింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మూడో ఇంట్లో మళ్ళీ గడపలో ఆపారు, మళ్ళీ మంచిమాట అడిగారు. లోపలికి పోతే అలాంటిదే ఆకుపచ్చ ఇనుప కుర్చీ. గులాబీ కప్పులు. ట్రాన్సిస్టరు. ఈ గల్లీ అంతా ఒకే దుకాణంలో కొంటారన్నమాట, ఎంత ఐకమత్యం అనుకున్నాను. కుర్చీ చేతిమీద టీ మరక కూడా ఉంది. వీళ్ళకూ వొలికే అలవాటుందిలే, నేనొక్కణ్ణే కాదని మనసు కుదుటపడింది. సీటు మాత్రం వెచ్చగా ఉంది. కిటికీలోంచి ఎండ పడిందేమో అనుకున్నాను. ఆ ఇంటికి కిటికీ లేదన్న సంగతి నాకు సోమవారం తట్టింది.

అలా ఆ గల్లీ ముగించి సర్దార్ల గల్లీలో పడ్డాను. అక్కడా అంతే. గడపలో మంచిమాట, లోపల ఆకుపచ్చ కుర్చీ. బల్‌దేవ్ సింగ్ భార్య హర్‌బన్స్ కౌర్ టీలో సోంపు వేసి ఇచ్చింది, అదొక్కటే తేడా. ఏ ఇంటికి పోయినా విఠల్‌రావు, బల్‌దేవ్ సింగ్ నాకంటే ముందే అక్కడ గోడకు ఆనుకొని రొప్పుతున్నారు.

"మీరిద్దరూ ఇక్కడే ఉన్నారే" అన్నాను ఒక ఇంట్లో.

"వస్తపోతనే ఉంటం సారూ" అన్నాడు బల్‌దేవ్ సింగ్, పాగా కొసతో మెడ తుడుచుకుంటూ.

"ఎందుకంత చెమట?"

"మీ మాటలు ఇంటాంటే అట్లనే పడతాంది" అన్నాడు విఠల్‌రావు.

నా మాటల్లో అంత వేడి ఉందని నాకు ఎప్పటినుంచో అనుమానమే. ఇప్పుడు సాక్షి దొరికాడు. రెండు జాతులవాళ్ళూ ఒకరింటికొకరు పరుగెత్తి పోతారు, అంత ప్రేమ అని కూడా మనసులో రాసుకున్నాను. చివరి ఇంట్లో అందరి కోసం పెద్ద ప్రార్థన చేశాను. కళ్ళు తెరిస్తే బల్‌దేవ్ సింగ్ నిలబడే నిద్రపోతున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మీటింగు. రెండు గల్లీలవాళ్ళనూ పిలిచారు. ఎందుకో వాళ్ళకింకా చెప్పలేదు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపలమీద కూర్చున్నారు. నేను మైకు అందుకున్నాను. మీకు తెలుసు కదా, మైకు చేతికొస్తే నా కాళ్ళు నేలమీద ఉండవు.

"ప్రియులారా, పరాయి దేశంనుంచి వట్టి చేతులతో వచ్చిన ఈ రెండు జాతులను దేవుడు ఎట్లా ఆశీర్వదించాడో నా కళ్ళారా చూశాను. మా ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలు, రెండూ కుంటివి. వీళ్ళలో ఏ ఇంటికి పోయినా ఇనుప కుర్చీ. పింగాణీ కప్పులు. ట్రాన్సిస్టరు. దర్జీ ఇంట్లో ఎంత ఉందో కమ్మరి ఇంట్లో అంతే ఉంది. వీళ్ళలో ఎక్కువ లేదు, తక్కువ లేదు, కొరత అసలే లేదు."

చప్పట్లు వస్తాయని ఆగాను. రాలేదు. ఇమ్మానుయేలుగారొక్కరే కొట్టారు. అప్పుడే నాకు ఏదో తేడాగా ఉందనిపించింది.

ఆయన లేచారు. "ప్రభుదాసుగారు చక్కగా చూసొచ్చారు. ఇద్దరికీ కొరత లేదు కాబట్టి ఆ బోరింగు మన కాంపౌండులోనే వేద్దాం. మొక్కలు కూడా దేవుని సృష్టే."

"ఏ బోరింగు?" అన్నది శాంతాబాయి.

దైవసహాయంగారు ఇక దాచలేక చెప్పేశారు. ఒకటే బోరింగు ఉంది, బీదగా ఉన్న గల్లీకి ఇద్దామనుకున్నాం, మీరంతా బాగానే ఉన్నారట కదా అని.

శాంతాబాయి విఠల్‌రావు వైపు చూసింది. హర్‌బన్స్ కౌర్ బల్‌దేవ్ సింగ్ వైపు చూసింది. రేపటినుంచి కూడా మిల్లు రోడ్డు దాకా బిందె మోయాల్సింది ఆ ఆడవాళ్ళే. బల్‌దేవ్ సింగ్ మెల్లగా లేచాడు.

"సారూ, ఆ కుర్చీ నాది."

"మీ ఇంట్లోది మీదే సర్దార్జీ. నేను మిగతావాళ్ళ కుర్చీల సంగతి చెప్తున్నాను."

"మిగతావాళ్ళవి గూడ నాదే."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. నా గుటక అందరికీ వినబడింది.

"విఠలన్న కుర్చీ ఇరిగింది చూసిన. ఇగ ఇంటింటికి ఒక్కటి ఇరగ్గొడతడని భయమైంది. లారీ డ్రైవరు సీటు చట్రంతోని నేను చేసుకున్న కుర్చీ ఒక్కటే మిమ్ముల ఆపుతది. మీరు గడపల మంచిమాట చెప్తాంటే మేమిద్దరం ఎనకదిక్కు నుంచి మోసినం. కప్పులు, రేడియో విఠలన్నయి. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చెయ్యకపోతే ఎట్ల?"

మొదట నవ్వింది పాస్టరుగారు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం సులువు. నేనూ, ఇమ్మానుయేలుగారూ.

నవ్వు ఆగకముందే శాంతాబాయి లేచింది. "మాకున్న ఒక్క కుర్చీ సారే ఇరగ్గొట్టిండు. ఇగ మాకంటే బీదోళ్ళు ఎవరున్నరు? బోరింగు మాకే రావాలె."

"ఇరిగిన కుర్చీ అన్న ఉన్నది నీకు, అక్కా" అన్నది హర్‌బన్స్ కౌర్. "మాది లారీది."

"మీది ఇనుము. అమ్మినా పైసలొస్తయి. రెడీమేడ్ అంగీలు వచ్చినంక మా ఇంటాయన దగ్గర కుట్టించుకునేటోడే లేడు."

"తాళం చెడిపోతే కొత్తది కొంటాన్రు గని బాగు చేయించేటోడు మాత్రం ఉన్నడా? మీ పోరగాళ్ళు బడికన్న పోతాన్రు. మావోడు బడి ఇడిసిపెట్టి క్లీనర్ పనికి పోయె."

"బడికి పోతే ఫీజెవడు కట్టాలె? మా అత్తను దవాఖానల చూపియ్యనీకి కుట్టు మిషిను కుదువ పెట్టినం."

"మా మామకు కండ్లే కనబడయి, మాకు కుదువ పెట్టనీకి మిషిను గూడ లేదు."

నిన్న కుర్చీ మోసి గొప్పగా కనబడ్డ రెండు గల్లీలు, ఇవాళ పోటీలు పడి బీదవైపోతున్నాయి. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఆడవాళ్ళు మాత్రం ఒకరి గుట్టు ఒకరు అందిస్తున్నారు. ఒకరు మర్చిపోతే ఇంకొకరు "మొన్నటి జ్వరం సంగతి చెప్పవేందే" అని గుర్తు చేస్తున్నారు.

దైవసహాయంగారు నా వైపు తిరిగారు. "ప్రభుదాసూ, నిన్ను తెమ్మన్నది ఇదయ్యా. నువ్వు టీ తాగొచ్చావు."

తర్వాత బల్‌దేవ్ సింగ్‌ని అడిగారు. "రోడ్డు చుట్టూ తిరక్కుండా అంత తొందరగా ఆ గల్లీనుంచి ఈ గల్లీకి కుర్చీ ఎట్లా మోశారయ్యా?"

"ఎనక గోడ కూలింది సార్. సందు తీరుగ దారి పడ్డది. అటు అడుగేస్తే మాది, ఇటు అడుగేస్తే వాళ్ళది."

"అయితే బోరింగు అక్కడే" అన్నారు దైవసహాయంగారు. ఇమ్మానుయేలుగారు మొక్కల గురించి ఏదో అనబోయారు గాని, శాంతాబాయి, హర్‌బన్స్ కౌర్ ఇద్దరూ ఒకేసారి ఆయనవైపు తిరిగేసరికి దగ్గారు.

నిన్న బోరు లారీ వచ్చింది. దేవుని దయ, నీళ్ళు పడ్డాయి. మంచి తియ్యని నీళ్ళు. నేను కూడా పోయాను, పోకుండా ఉండలేను కదా. ప్రారంభోత్సవానికి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్నే అడిగారు, ఇంత జరిగినా సరే. మేస్త్రి బోరింగు చుట్టూ గద్దె పోయడానికి ఇసుక కలుపుతున్నాడు. బిందె పెట్టుకునేంత గద్దె చాలు కదా, పలచగా పోసేస్తానన్నాడు.

విఠల్‌రావు, బల్‌దేవ్ సింగ్ ఇద్దరూ ఒకే గొంతుతో వద్దన్నారు. రెండు గల్లీలూ ఏ గొడవా లేకుండా ఒప్పుకున్న మొదటి మాట అదేనేమో.

"బిందెలే గాదు మేస్త్రీ" అన్నాడు బల్‌దేవ్ సింగ్. "ఎల్లుండి ఈ సారు దానిమీద నిలబడి మాట్లాడతడు."

మేస్త్రి తాపీ పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత కూలీని కేకేసి ఇంకో బస్తా సిమెంటు తెమ్మన్నాడు.