జోగయ్య బార

ఎక్కడో సముద్రాల అవతల ఆడే గోల్‌కీపర్‌కి కాన్ఫిడెన్స్ పోయిందని పొద్దుటి నుంచి ఫోన్ ముందు కూర్చుని కొట్టుకుంటున్నారే, మన దుమ్ముగూడెంలోనే సోడె జోగయ్య అని ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. ఆయన గురించి ఒక్కరైనా అడిగారా? ఏరా నానీ, నువ్వు బడికి పోయేది ఆయన ఇంటి ముందు నుంచే కదా? ఏనాడైనా నోరు తెరిచి అడిగావా? అడగరు. ఆ ఫోన్ పక్కన పడేసి వినండి.

జోగయ్య కోయ మనిషి. పొట్టివాడు. గోదారిలో వలేసి చేపలు పట్టేవాడు. వల విసిరిన చేతులు కదా, బంతి వచ్చి అతుక్కునేది. మీ తాత పోయాక నేను మన ఊరి టీము ఆడే గ్రౌండ్ అంచున మిరపకాయ బజ్జీల బండి పెట్టాను. గోల్ వెనకే నా పొయ్యి. అందుకే వాళ్ళ ఆట కన్నా వాళ్ళ వాగుడే నాకు ఎక్కువ తెలుసు.

ఆ గ్రౌండ్‌కి ఇనప స్తంభాలు ఎక్కడివి? ఏటా గోదారి పొంగి గుంజల్ని ఎత్తుకుపోయేది. నీళ్ళు తీశాక జామాయిలు కర్రలు తెచ్చి కొత్తవి పాతేవాళ్ళు. టేపూ లేదు గీపూ లేదు. కీపర్ రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. అలాంటివి నాలుగు బారలు గోల్ వెడల్పు. ఎవరు కీపరైతే వాళ్ళ బార. ఏళ్ళ తరబడి అది జోగయ్యదే. ఆట లేని పొద్దుల్లో ఆ గుంజలకే నేను బట్టల తాడు కట్టుకునేదాన్ని. రెండు కొసలా ఉచ్చులు వేసి ఉంచాను, తగిలిస్తే బిగుతుగా సరిపోయేది.

ఒక ఏడు గుంజలు పాతే రోజున జోగయ్య లేడు. కొత్త పంట తినే కొత్తల పండుగ పూట వాళ్ళ పెద్దలు గూడెం దాటనివ్వలేదు. కొత్తగా టీములో చేరిన లాల్‌సింగ్ కొలిచాడట. మన గుమ్మంలోకి వంగి రావాల్సిన మనిషి. నేనూ అప్పుడు లేను, మా అక్క కాలు విరిగితే ఎర్రుపాలెంలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట, జోగయ్య గోల్స్ వదిలేస్తున్నాడని.

"వానికి భయం పట్టింది. ఎడమ దిక్కు దుంకుడే మర్సిండు" అన్నాడు ఆటో రాంబాబు. జోగయ్య ఆట కోసం కిరాయిలు వదులుకుని వచ్చేవాడు వీడు. అందరికన్నా ముందు తిట్టేదీ వీడే.

"భయం కాదయ్యా, ఫామ్. ఫామ్ పోతే కాన్ఫిడెన్స్ నిలబడదు" అన్నాడు ఎరువుల కొట్టు వెంకటరామారావు. టీముకి బనియన్లు కొనిపెట్టేది ఆయనే, కాబట్టి చివరి మాట ఆయనదే.

"నీ కొట్ల దానికేమన్న మందుంటే కొట్టు మరి!"

"ముందు నీ నోటికి కొట్టాలి."

"అయినా మనోళ్ళు ఈ యేడు దంచుతున్నరు సారూ. అవతల గోల్‌ల ఎన్నేస్తున్నరు!"

జోగయ్య అక్కడే కూర్చుని అన్నీ వింటున్నాడు. చేతిలో బజ్జీ చల్లారిపోయింది. వాళ్ళు లేచిపోయాక నన్ను అడిగాడు.

"నిజంగనే నాకు భయం పట్టిందా, అమ్మా? దుంకుతున్న. బంతి వేలి కొసకు తగిలి పోతంది. రేపు చర్ల టీముతోని ఆట. రేపు గిట్ల ఓడితే నన్ను తీసేస్తరు."

మర్నాడు పొద్దున్నే బట్టలు ఉతికి తాడు తగిలించబోతే రెండు మూరలు చాలలేదు. పిల్ల వెధవలు కోసేశారని నోరు పెట్టుకుని అరిచాను. చూస్తే రెండు ఉచ్చులూ అలాగే ఉన్నాయి. అవతలి గోల్ దగ్గరికి పోయాను. అక్కడా అంతే. మనవాళ్ళు దంచడం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆ తాడు పట్టుకునే పోయి రాంబాబు ముందు నిలబడ్డాను.

"వానకు తడిసి తాడు ముడుసుకుపోయింది తియ్, అవ్వా" అని నవ్వాడు.

"ముడుచుకుంది నీ బుర్రరా! కొలిపించు!"

కొలిపించారు. ఎవరితో అనుకున్నారు? లాల్‌సింగ్‌తోనే! అతను చేతులు చాపి ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా నడిచాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. సరిగ్గనే ఉంది గద, భారతమ్మా?"

"కొలిచిన చేతులతోనే మళ్ళీ కొలిస్తే ఏం తేలుతుందయ్యా? కీపర్ జోగయ్య కదా, ఆయన్ని కొలవనీయండి."

జోగయ్య కొలిచాడు. నాలుగు బారలు అయ్యాక కూడా గుంజ అందలేదు. చెయ్యి గాల్లోనే ఆగింది. అందరూ చూశారు. ఇక ఒప్పుకుంటారనుకున్నాను.

"బార అంటే బారే కదండీ. మనిషిని బట్టి మారుతుందా?" అన్నాడు వెంకటరామారావు.

"నీ చేతులు పొట్టిగున్నయ్ అన్నా, దానికి గోల్ ఏం జేస్తది?" అన్నాడు రాంబాబు.

నలుగురూ నవ్వారు. గుంజ పీకి దగ్గరగా పాతమని నేను గొంతు చించుకుంటున్నాను. జోగయ్యే వద్దన్నాడు.

"వద్దు, అమ్మా. ఇయ్యాల గుంజ జరిపిస్తే, చేతగానోడు గోల్ చిన్నగ జేయించుకున్నడంటరు."

చేతి తొడుగులు విప్పి లాల్‌సింగ్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం లాల్‌సింగే గోల్‌లో నిలబడ్డాడు. తన చేతులతో కొలుచుకున్న గోలే కదా, ఒక్కటీ పోలేదు.

"సూడు, కాన్ఫిడెన్స్ అంటే గదీ!" అని నా బండి దగ్గరే ఈల వేశాడు రాంబాబు. ఆ పూట వాడికి బజ్జీ పెట్టలేదు. పెట్టకపోతే ఏం, పక్క బండిలో తిన్నాడు.

ఆ తర్వాత జోగయ్య గ్రౌండ్‌లో అడుగు పెట్టలేదు. ఆట ఉన్న రోజున పడవేసుకుని ఏటి అవతలి ఒడ్డుకి పోయేవాడు, ఈలలు వినపడనంత దూరం. పోయినేడు పచ్చకామెర్లు ముదిరాక దవాఖానాకి తీసుకుపోయారు. మనిషి దక్కలేదు. మట్టి చేసిన చోట కూడా రాంబాబు ఊరుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూనే, "కాన్ఫిడెన్స్ ఒక్కటి ఉంటే ఇంకా శాన యేండ్లు ఆడేటోడు" అన్నాడు. ఆ పక్కనే ఉన్న వెంకటరామారావు, "కాదయ్యా, ఫామ్" అన్నాడు.

జోగయ్య పోయేనాటికి నలభై ఒక్క ఏళ్ళు.