సాంబ్రాణి పొగకు ఆగిన సర్వర్లు

సర్వర్ గదిలో ఓబులేసన్న నిప్పుల మీద రెండో పిడికెడు సాంబ్రాణి వేసినప్పుడు నేను పైకప్పు వైపు చూశాను. ఆరోజు ఆయుధ పూజ. అనంతపురంలో రైతులకు విత్తనాలమ్మే ఒక సంస్థలో ఆటోమేషన్ స్పెషలిస్టుగా నేను చేరిన కొత్త అది. మనుషులు బటన్లు నొక్కి చేసే పనులను సర్వర్లే చేసుకునేలా ప్రోగ్రాములు రాయడం నా పని. ఓబులేసన్న ఆ గదికి సీనియర్ ఆపరేటర్. నా ప్రోగ్రాములు కుదురుకుంటే ఆయన పోస్టు తీసేస్తారని ఆఫీసంతా అనుకుంటోంది.

"చాలన్నా, పైన పొగ సెన్సర్ ఉంది" అన్నాను.

"ఏమ్మా, మిషన్లకు ఏడాదికొగసారి పూజ. దానికీ నీ పర్మిషన్ కావల్లా?" అని మూడో పిడికెడు వేశాడు.

పొగ తగిలి సెన్సర్ మోగింది. నా ప్రోగ్రాము దాన్ని అగ్నిప్రమాదంగా లెక్కేసి, సర్వర్లను ఒక్కొక్కటిగా మర్యాదగా ఆపేసింది. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదని నేను రద్దు బటన్ పెట్టలేదు. ఆ సంగతి మీటింగులో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను కాబట్టి నవ్వుతూ రాయగలుగుతున్నాను.

ఆఖరి సర్వర్‌ను ఆపేముందు ప్రోగ్రాము జిల్లాలోని మా సిబ్బందికంతా "మంటలు, బయటికి వెళ్లండి" అని మెసేజ్ పంపింది. బత్తలపల్లె కౌంటర్లో శనగ విత్తనాలకు నిలబడిన రైతులను మావాళ్లు వీధిలోకి తరిమారు.

"యాడప్పా మంట?" అని రైతులు.

"అనంతపురంలో!" అని మావాళ్లు.

మేనేజర్ మంటలార్పే సిలిండర్ ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి, కుంకుమ పూసిన గుమ్మడికాయ ముందు ఆగిపోయాడు. పొగ పోయేదాకా సర్వర్లు లేవవని చెప్పాను. ముగ్గురం తలుపులు తెరిచి తువ్వాళ్లతో విసరసాగాం.

"నీ ప్రోగ్రాముకు పూజకూ మంటకూ తేడా తెల్దా?" అన్నాడు ఓబులేసన్న.

"తెలీదన్నా."

"సార్, ఆ తేడా చెప్పేకైనా ఒగ మనిషి ఉండల్ల గదా?"

మేనేజర్ విసరడం ఆపి ఆయన వైపు చూశాడు. సాయంత్రమే ప్రోగ్రాము మార్పించాడు. పొగొస్తే ముందు ఆపరేటర్‌కు ఫోన్ పోవాలి, ఎత్తకపోతేనే సర్వర్లు ఆగాలి. ఫోన్ ఎత్తే పోస్టు ఓబులేసన్నకు ఖాయమైంది. ఏ నిర్ణయాన్ని మనిషి చేతిలో ఉంచాలో ముందే తేల్చుకున్నాకే ఆటోమేషన్ మొదలుపెట్టాలని నాకు తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున ఇంట్లో మా పిల్లలిద్దరూ నా ఆఫీసు తగలబడిందంట కదా అని ఆశగా అడిగారు.

"తగలబడలేదు" అన్నాను. "మీరు మాత్రం పొగ కనబడితే ముందు బయటికి ఉరకండి. అది ఏం పొగ అనేది నేనొచ్చి చూసుకుంటా."